గేటు లోపల జరిగిన నష్టానికి గేటు బయట ఉన్న రైతు బాధ్యుడా?



తొలకరి వాన పడి రెండు రోజులు పదును నిలిచిందంటే మన చిత్తూరు, తిరుపతి మెట్ట పల్లెల్లో మనిషి ఇంట్లో కూర్చోడు. ఆ రెండు మూడు రోజుల్లో దున్ని శెనక్కాయ విత్తనం వేసినవాడిదే పంట. పదును ఆరిపోతే మళ్లీ ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. అందుకే పోయిన సంవత్సరం వానలకు ముందే ట్రాక్టర్ సర్వీసు చేయించుకుందామని నేను బండిని షోరూంకు తోలుకుపోయాను. సోమవారం పొద్దున తాళంచెవి ఇచ్చి, వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టి, బస్సెక్కి ఊరికొచ్చాను.

బుధవారం సాయంత్రం "బండి రెడీ, రాండన్నా" అని ఫోన్ వచ్చింది. పోయి చూస్తే బానెట్ ముందుభాగం సొట్ట పడి ఉంది. ఒక హెడ్‌లైట్ పగిలి ఉంది. కింద చూస్తే రేడియేటర్ నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. సోమవారం ఆ బండిని నేనే సొంతంగా 22 కిలోమీటర్లు నడుపుకుంటూ పోయాను. రేడియేటర్ పగిలిన బండి అంత దూరం ఎట్లా పోతుంది? ఎదురుగా టీ అంగడి ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మంగళవారం నీళ్లు కడిగే కుర్రోడు బండిని ర్యాంపు మీద నుంచి దించుతూ గోడకు గుద్దాడంట.

షోరూం పేరు ఇక్కడ రాయడం లేదు. గొడవ ఇంకా తేలలేదు, వినియోగదారుల కమిషన్‌లో ఉంది. పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు. ట్రాక్టర్ కావచ్చు, టమోటాలు తోలే బొలెరో కావచ్చు, పాలకు పోయే మోటార్‌సైకిల్ కావచ్చు, ఇంట్లో కారు కావచ్చు, గేటు లోపల దెబ్బ తగిలితే మనం వినే మాటలు అన్ని చోట్లా ఒకటే. నాకు చెప్పిన మాటలు నాలుగు. ఒక్కొక్కటే తీసి చూద్దాం.

మొదటి మాట: "ముందే ఉండింటుంది లేన్నా."

మేనేజర్ నవ్వుతూనే అన్నాడు. నేను జాబ్ కార్డు తీసి చూపించాను. బండి లోపలికి వచ్చేటప్పుడు ఏ గీత ఉంది, ఏ సొట్ట ఉంది, డీజిల్ ఎంత ఉంది, మీటర్ మీద ఎన్ని గంటలు తిరిగింది అని రాయడానికి దాంట్లో గడులు ఉన్నాయి. గంటల గడి తప్ప మిగిలినవన్నీ ఖాళీ. ఆ గడులు నింపాల్సింది వాళ్లు. నింపకుండా వదిలేసి, ఆ ఖాళీనే నా మీద సాక్ష్యంగా చూపిస్తే ఎట్లా? ధాన్యం తూకం వేయకుండా మిల్లులో దించుకుని, తర్వాత "నువ్వు తెచ్చిందే తక్కువ" అన్నట్టుంది.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. జేబులో ఫోన్ ఉంది. నాలుగు ఫోటోలు తీసుకోవడానికి నిమిషం పట్టదు. తీసుకోలేదు. ముప్పై ఏళ్లుగా సంఘంలో తిరుగుతూ "రసీదు తీసుకోండి" అని పదిమందికి చెప్పేవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి నమ్మకం మీద వదిలేశాను.

రెండో మాట: "కుర్రోడు మా స్టాఫ్ కాదు, కాంట్రాక్టు మనిషి."

తాళంచెవి నేను ఆ కుర్రోడికి ఇవ్వలేదు. షోరూంకు ఇచ్చాను. సర్వీసు బిల్లు ఆ కుర్రోడు రాయలేదు. షోరూం రాసింది. లాభం వచ్చేటప్పుడు అది షోరూం పని, నష్టం వచ్చేటప్పుడు కాంట్రాక్టు కుర్రోడి తప్పు అంటే కుదరదు. మన ఊళ్లో ఎవరైనా పక్కింటి ఎద్దుల్ని సేద్యానికి తోలుకుపోయి, తన జీతగాడి చేతిలో ఎద్దు కాలు విరిగితే, "జీతగాణ్ణి అడుగు" అంటాడా? అంటే పెద్దమనుషులు ఊరుకుంటారా? తోలుకుపోయినవాడే జవాబు చెప్పాలి. ఈ న్యాయం మనకు కోర్టులు పుట్టకముందు నుంచీ తెలుసు. నేను ఆ కుర్రోడి మీద ఒక్క మాట కూడా అనలేదు. వాడికి ట్రాక్టర్ నడపడం నేర్పించకుండా తాళంచెవి చేతిలో పెట్టినవాళ్లదే తప్పు. వాడి జీతంలో కోసి నాకు కడతామంటే కూడా నేను ఒప్పుకోనని ఆ రోజే చెప్పాను.

మూడో మాట: "జాబ్ కార్డు వెనక చదవండన్నా. వాహనాలు యజమాని రిస్కు మీదే ఉంచబడతాయి."

ఇదీ అసలు మాట. చీమతలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, కార్బన్ కాపీ వెనక. దీన్ని చూపించగానే మనలో చాలామంది తలవంచుకుని వెనక్కి వచ్చేస్తారు. సంతకం పెట్టాం కదా అని.

మిత్రులారా, ఈ విషయంలో చట్టం ఏం చెబుతుందో మనం తెలుసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికి అప్పగిస్తే, పని అయ్యాక తిరిగి ఇచ్చే షరతు మీద వాళ్లు దాన్ని పెట్టుకుంటే, ఆ సంబంధం గురించి ఆ చట్టంలో 148వ సెక్షన్ నుంచి ఉంది. 151వ సెక్షన్ చెప్పేది ఇది: మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును కూడా అంత జాగ్రత్తగా చూడాలి. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే బాధ్యత ఉండదని 152 చెబుతుంది. అది న్యాయమే. పిడుగు పడి షెడ్డు కూలి నా బండి నలిగితే నేను షోరూం మీద దావా వేయను. కానీ ర్యాంపు మీద నుంచి గోడకు గుద్దడం పిడుగు కాదు.

మరి సంతకం సంగతి? 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మనకు పనికొస్తుంది. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు ఒకాయన మారుతి జెన్ కారులో వెళ్లాడు. తాళంచెవి హోటల్ మనిషికి ఇచ్చి లోపలికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కారు లేదు, ఎవరో ఎత్తుకుపోయారు. ఇచ్చిన చీటీ మీద మాత్రం కారు యజమాని బాధ్యత మీదే నిలిపినట్టు అచ్చు వేసి ఉంది. సుప్రీంకోర్టు ఏమన్నది? కారును తమ చేతికి తీసుకున్నాక, తమ నిర్లక్ష్యానికి, తమ పనివాళ్ల నిర్లక్ష్యానికి హోటల్ అట్లాంటి చీటీ చాటున దాక్కోలేదన్నది. వాహనం అప్పగించినట్టు తేలాక, దానికి ఏమైందో, తాము ఎంత జాగ్రత్త తీసుకున్నారో చెప్పుకోవాల్సిన భారం ముందు హోటల్ మీదే ఉంటుందని కూడా చెప్పింది.

ఆ తీర్పు హోటల్ గురించి వచ్చిందే, షోరూం గురించి కాదు. కానీ మన వాదన సులువు. భోజనానికి వచ్చినవాడి కారును నిలిపి పెట్టడం హోటల్‌కు పక్క పని. షోరూం సర్వీసు సెంటర్‌కు బండిని చేతిలోకి తీసుకోవడమే అసలు పని, దానికే డబ్బు తీసుకుంటుంది. పక్క పనికే అంత బాధ్యత ఉంటే, అసలు పనికి ఎంత ఉండాలి?

నాలుగో మాట: "ఇన్సూరెన్స్ ఉంది కదన్నా, క్లెయిమ్ పెట్టేద్దాం. మీకు ఒక్క రూపాయి ఖర్చు కాదు."

ఇది తియ్యటి మాట. నేను కూడా కాసేపు మెత్తబడ్డాను. ఫారం చేతికిచ్చి, "రోడ్డు మీద చెట్టుకు తగిలిందని రాసేద్దాం" అన్నాడు. అప్పుడు మెలకువ వచ్చింది. చెట్టుకు తగిలిందని సంతకం పెడితే తప్పు నాదని నేనే ఒప్పుకున్నట్టు. అబద్ధం బయటపడితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తుంది, అబద్ధం చెప్పినవాణ్ణి నేనవుతాను. బయటపడకపోయినా నష్టమే. క్లెయిమ్ లేని సంవత్సరాలకు ప్రీమియంలో వచ్చే బోనస్, మొదటి ఏడాది 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతం దాకా పోయేది, పోతుంది. వాళ్ల గోడకు వాళ్లు గుద్దితే, నా బోనస్ నేను వదులుకోవాలి! ఇంకో సంగతి: తాజ్ హోటల్ కేసులో కూడా ఇన్సూరెన్స్ కంపెనీ కారు యజమానికి డబ్బు కట్టింది. కట్టి ఊరుకోలేదు. ఆ యజమానితో కలిసి హోటల్ మీద కేసు నడిపింది. కాబట్టి ఇన్సూరెన్స్ ఉండడం తప్పు చేసినవాడికి క్షమాపణ పత్రం కాదు. క్లెయిమ్ పెట్టాల్సి వస్తే నిజం రాసి పెట్టండి: ఫలానా తేదీన, ఫలానా సర్వీసు సెంటర్ లోపల, వాళ్ల చేతిలో ఉండగా దెబ్బ తగిలింది అని.

ఈ నాలుగు మాటలు అయిపోయాక అయిదోది ఉత్తరంగా వచ్చింది. "ట్రాక్టర్ వాణిజ్య వాహనం, మీరు వినియోగదారుడు కిందికి రారు" అని. దీనికి కూడా జవాబు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో తన బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువును వాణిజ్యం కోసం కొన్నట్టు లెక్కించరు. పదిమంది డ్రైవర్లను పెట్టి ట్రాక్టర్లు బాడుగకు తిప్పే వ్యాపారి సంగతి వేరు. సొంత కయ్యలు దున్నుకునే రైతు సంగతి వేరు. రైతు వినియోగదారుడు కాడని ఇంతకుముందు విత్తన సంస్థ కూడా వాదించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల మీద జిల్లా ఫోరాలకు పోతే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ ఆ కేసును సుప్రీంకోర్టు దాకా లాగింది. విత్తన చట్టం వేరే ఉంది, ఫోరానికి అధికారం లేదు, రైతులు విత్తనం శాంపిల్ దాచి చూపించలేదు అన్నది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనలు తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా భూమిలో వేసే రైతు శాంపిల్ దాచుకుంటాడని ఎట్లా అనుకుంటారన్నది. ఆ గెలుపు మన తెలుగు రైతులది. దాన్ని ఈ రోజు మనం వాడుకోకపోతే వాళ్లు అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది దేనికి?

ఇక డీలర్ కంపెనీని చూపించడం, కంపెనీ డీలర్‌ను చూపించడం మనకు కొత్త కాదు. నేను కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే, "డీలర్ స్వతంత్ర వ్యాపారి సార్" అన్నారు. నిజమే, ఇద్దరి మధ్య ఒప్పందం యజమానికీ ఏజెంటుకూ ఉండే ఒప్పందం కాకపోతే, డీలర్ చేసిన ప్రతి తప్పుకూ కంపెనీని పట్టుకోలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ మాటతో కంపెనీ తప్పించుకుంటుందేమో గానీ, డీలర్ తప్పించుకోలేడు. స్వతంత్ర వ్యాపారి అంటే తన తప్పుకు తానే స్వతంత్రంగా జవాబు చెప్పాలి. అందుకే మన ఫిర్యాదులో మొదటి పేరు డీలర్‌దే ఉండాలి.

చివరికి ఏమైంది? సంఘం మిత్రులు నలుగురు నాతో వచ్చారు. అరవలేదు, అద్దాలు పగలగొట్టలేదు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాం. తర్వాత వకీలు నోటీసు పంపాం. నోటీసు అందిన వారానికి రేడియేటర్, బానెట్, లైటు ఉచితంగా వేస్తామన్నారు. వేశారు కూడా. బండి నా చేతికి వచ్చేసరికి మొత్తం 17 రోజులు.

ఆ 17 రోజుల్లోనే వాన పడింది. పదును వచ్చింది. ఊళ్లో అందరి ట్రాక్టర్లూ వాళ్ల వాళ్ల కయ్యల్లో ఉన్నాయి. నాలుగో రోజుకు గానీ బాడుగ బండి దొరకలేదు. నాలుగెకరాల్లో రెండెకరాలకే పదును మిగిలింది. మిగతా రెండెకరాలు తర్వాతి వానకు, ఆలస్యంగా వేశాను. కోత నాటికి ఆ తేడా కళ్లకు కనిపించింది. బాడుగకు పెట్టిన డబ్బూ, ఆ రెండెకరాల నష్టమూ ఎవరివి? షోరూం అంటుంది: "పార్టులు వేసినాం కదా, ఇంకేమి?" బండి ఇచ్చే రోజు ఒక కాగితం ముందు పెట్టారు. "పూర్తి సంతృప్తితో తీసుకున్నాను, ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అని. నేను ఆ వాక్యం కొట్టేసి, "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, రోజుల నష్టం తేలాల్సి ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యం మీదే ఇప్పుడు నా కేసు నిలబడి ఉంది.

మనవాళ్లలోనే కొందరు అన్నారు: "బండి బాగుపడింది కదా, ఇంకెందుకు? ఈ చుట్టుపక్కల ఉండేది ఒకే డీలర్. పగ పెట్టుకుంటే రేపు సర్వీసు ఎవడు చేస్తాడు?" ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. నాకూ ఉంది. షోరూంల ధైర్యమంతా ఈ భయం మీదే నడుస్తోంది. దీనికి ఒంటరి రైతు దగ్గర మందు లేదు. సంఘం దగ్గర ఉంది. ఒక రైతును చిన్నచూపు చూడగలరు గానీ, నలభై ఊళ్ల రైతులు ఒకే షోరూంకు బండ్లు తోలేటప్పుడు ఆ నలభై ఊళ్లను చిన్నచూపు చూడలేరు.

ఇది ట్రాక్టర్ ఒక్కదాని గొడవ కాదు. 2025లో తోతాపురి మామిడి సీజన్‌లో మన ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి క్యూలో నిలబడ్డాయి. కాయ ట్రాలీలోనే మెత్తబడితే నష్టం రైతుదే. కారణం అడిగితే "గేటు బయట ఉంది కదా, మా బాధ్యత కాదు" అన్నారు. ఇక్కడ బండి గేటు లోపలే ఉంది. అయినా బాధ్యత రైతుదేనంటున్నారు. గేటు బయట జరిగినా మనదే, లోపల జరిగినా మనదే అయితే, ఆ గేటు ఉన్నది ఎవరిని కాపాడటానికి?

కాబట్టి బండి వదిలే ప్రతి రైతూ ఇవి పాటించాలని కోరుతున్నాను:

1. గేటు దాటేముందు బండి చుట్టూ నాలుగు వైపులా, మీటర్, ఇంజిన్ కనిపించేటట్టు ఫోటోలు తీయండి. వీలైతే షోరూం బోర్డు కూడా పడేటట్టు ఒక వీడియో తీయండి.

2. జాబ్ కార్డులో గడులన్నీ నింపించండి. నింపకపోతే మీరే తెలుగులో "సొట్టలు లేవు, లీకేజి లేదు" అని రాసి సంతకం పెట్టండి. కాపీ తీసుకోకుండా తాళంచెవి ఇవ్వకండి.

3. తీసుకునేటప్పుడు వెలుతురులో చూసి తీసుకోండి. దెబ్బ కనిపిస్తే అక్కడే ఫోటో తీసి, అక్కడే కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. కెమెరా రికార్డు చెరిపేయకుండా ఉంచమని ఆ కాగితంలోనే రాయండి.

4. సర్వీసు బిల్లు కట్టేదాకా బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ వాళ్లకు ఇచ్చింది. దాని మీద పంతం పట్టి సీజన్ పోగొట్టుకోకండి. చేసిన సర్వీసుకు కట్టండి, "అభ్యంతరంతో" అని రాసి కట్టండి.

5. బండి లేని రోజుల్లో బాడుగకు ఇచ్చిన ప్రతి రూపాయికీ చీటీ రాయించుకోండి. నోటి లెక్క కమిషన్ ముందు నిలవదు.

6. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. మనం నివసించే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చు. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మరీ అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ 45 రోజులు దాటితే ఒప్పుకోరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

7. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తారు.

షోరూంల ముందు, అధికారుల ముందు మన సంఘం పెట్టాల్సిన డిమాండ్లు మూడు. జాబ్ కార్డు రెండు వైపులా తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. బండి లోపలికి వచ్చినప్పుడు, బయటికి పోయినప్పుడు ఇద్దరి సంతకాలతో తనిఖీ జరగాలి. సర్వీసు సెంటర్ తప్పు వల్ల సీజన్‌లో బండి ఆగిపోతే, బాగుపడేదాకా వాళ్లే ఇంకో ట్రాక్టర్ ఇవ్వాలి, లేదా బాడుగ కట్టాలి.

చట్టం ప్రకారం ఫిర్యాదు మూడు నెలల్లో తేలాలి. తాజ్ హోటల్ కారు 1998లో పోతే సుప్రీంకోర్టులో 2019లో తేలింది. ఆ సంగతి తెలిసే నేను కేసు వేశాను. నాకు రావాల్సింది పెద్ద మొత్తం కాదు. కానీ వచ్చే తొలకరికి మీలో ఒకరు తాళంచెవి ఇచ్చి బస్సెక్కేటప్పుడు, ఆ కౌంటర్ వెనక ఉన్న మనిషికి ఈ కేసు గుర్తుకు రావాలి. ఇట్లాంటి అనుభవం మీకు ఉంటే జాబ్ కార్డు కాపీతో సహా వచ్చే నెల మండల కమిటీ సమావేశానికి తీసుకురండి. కాగితాలన్నీ ఒకచోట చేరితే, "ముందే ఉండింటుంది లేన్నా" అనే మాట ఎన్ని బండ్ల మీద అన్నారో లెక్క తేలుతుంది.